జేబులో చెయ్యి పెట్టుకున్న మనిషి

వెనకగదిలోంచి చిటపటమని చప్పుడు వచ్చిందంటే చాలు, సౌభాగ్య చేతిలోది ఉన్నచోట పడేసి పరుగెత్తేది. చప్పుడు ఆగిపోతే ఇంకా గట్టిగా పరుగెత్తేది. చప్పుడుంటే బిడ్డ ఉన్నట్టు. లేకపోతే? ఆ పైన ఆలోచించడానికి ఆమెకు ఊపిరాడేది కాదు.

బిడ్డ పేరు శ్రీవిద్య. డిప్లొమా చదివి, లిఫ్టులు బిగించే ఒక కంపెనీలో పనిచేస్తోంది. సెలవు వచ్చిందంటే నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో తమ ఇంటి వెనకగదిలో చేరి, ప్లాస్టిక్ పైపు చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్టుకుంటూ కూర్చునేది. దాన్ని కాయిల్ అంటారట. స్విచ్ వేస్తే దాని నెత్తిమీది గుండులోంచి గాల్లోకి ఊదారంగు మెరుపు లేస్తుంది. పోయినసారి వేలెడు లేచింది. ఈసారి మూరెడు లేపాలని బిడ్డ పట్టుదల.

"వేల వోల్టులమ్మా!" అని శ్రీవిద్య మురిసిపోయేది. సౌభాగ్య ఏడో తరగతి చదువుకు అందులో అర్థమైంది ఒక్కటే, ఇంట్లో మామూలు కరెంటుకే మనుషులు పోతున్నారని. భర్త రామచందర్‌తో చెప్పుకుంటే, ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల కొట్టు చూసుకునే ఆయన "బల్బు ఎలుగుతది గదా, ఫికరెందుకు?" అని అటు తిరిగి పడుకున్నాడు.

స్విచ్ వేసేముందు బిడ్డ ఎడమచెయ్యి జేబులో దోపుకోవడం చూసి ఒకనాడు కసిరింది కూడా.

"ఏందే గా పోజు? ఫోటో దిగుతున్నవా?"

"పోజు కాదమ్మా. రెండు చేతులు తగిల్తే కరెంటు గీ చేతిల కెళ్లి గా చేతిలకు పోతది, నడుమ గుండె ఉంటది. అందుకే ఒకటి జేబుల పెట్టుకోవాలె."

ధైర్యం చెప్పాననుకుంది శ్రీవిద్య. తల్లికి మాత్రం ఆ పూట అన్నం దిగలేదు. తెల్లారి తీర్పు చెప్పేసింది.

"గీ పని తెల్సిన మనిషి పక్కన నిలబడితెనే స్విచ్చెయ్యి. దసరా దాకా జూస్త. ఎవ్వరు దొరక్కపోతే పాతసామాన్లాయనకు ఇచ్చేస్త. మల్ల ఏడ్వొద్దు."

"ఎవరు దొరుకుతరమ్మా? ఫోన్ల ఎతికిన. ఒకడు జర్మనీల ఉన్నడు, ఒకామె బ్రెజిల్ల ఉన్నది. ఆళ్లొచ్చి మన ఎనకగదిల నిలబడ్తరా?"

బతుకమ్మలు వచ్చేశాయి. శ్రీవిద్య అడగడం మానేసింది. కాయిల్ మీద పాత దుప్పటి కప్పి, దాని పక్కనే కూర్చుని ఫోన్ చూసుకునేది. బిడ్డ చావకూడదని తను పెట్టిన షరతు బిడ్డలో ఇంకేదో చంపుతోందా అని సౌభాగ్యకు కొత్త భయం పట్టుకుంది.

ఆ ఆదివారం ఇద్దరూ ఆబిడ్స్ వెళ్లారు. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. శ్రీవిద్య అటు పోయింది. సౌభాగ్య పాత టీవీలు, రేడియోల విడిభాగాలు రాశిగా పోసిన ఒక గోనెపట్టా దగ్గర నిలబడి, ఆ జనంలో బిడ్డ తప్పిపోతుందేమోనని అటే చూస్తోంది.

పట్టా ముందు ఇస్త్రీ చొక్కా వేసుకున్న యాభైయేళ్ల మనిషి కూర్చుని ఉన్నాడు. టీకొట్టు నుంచి లాగిన వైరుతో ఏదో పాత పెట్టెను పరీక్షిస్తున్నాడు. ముట్టుకోబోయి ఆగాడు. ఎడమచెయ్యి ప్యాంటు జేబులో దోపాడు. అప్పుడు కుడిచెయ్యి చాచాడు.

సౌభాగ్య గబుక్కున ఒక అడుగు ముందుకేసింది.

"ఓ అన్నా! గా చెయ్యి జేబులకెందుకు పోయింది?"

ఆమె గొంతుకు పదిమంది తిరిగి చూశారు. పట్టా యజమాని బాలరాజు లేచి నిలబడ్డాడు. "ఏం గుంజిండమ్మా? నా సామానేమన్న ఏస్కున్నడా?"

ఆ మనిషి మొహం కందిపోయింది. జేబు బయటికి లాగి చూపించాడు. "చూస్కోన్రి తల్లీ, కర్చీఫే! ఇంద్రసేన అంటె కోఠిల బట్టలషాపులోళ్లందరికి ఎరుకే. నేను దొంగలెక్క కనిపిస్తున్ననా?"

"అయ్యో, దొంగతనం ఎవరన్నరన్నా! మా బిడ్డ గూడ గిట్లనే పెడ్తది. కరెంటు ముట్టేముందు, ఒక్క చెయ్యి. గుండెల కెళ్లి పోవద్దని."

ఇంద్రసేన జేబును లోపలికి తోసుకోవడం మరిచిపోయాడు. "మీ బిడ్డనా? ఏం చేస్తది?"

"మెరుపులు చేస్తదన్నా. ఊదావి!"

అంతే, ఆ పెద్దమనిషి ఫుట్‌పాత్ దద్దరిల్లేలా కేకేశాడు. "మూర్తిగారూ! ఉరికి రాన్రి! ఇంకొకరు దొరికిన్రు!"

పుస్తకాల గుట్ట వెనకనుంచి నెరిసిన తల ఒకటి లేచింది. కాచిగూడలో ఉండే రిటైర్డు లెక్కల మాస్టారు శ్రీరామమూర్తి, చదువుతున్న పుస్తకాన్ని చంకలో పెట్టుకుని డబ్బు కూడా ఇవ్వకుండా వచ్చేశాడు. "ఏవిటండీ మీరనేది? ఈ మెరుపుల పిచ్చివాళ్లం మనవిద్దరమే కదా అనుకున్నాం ఊరంతటికీ! ఎవరూ? ఈవిడేనా?"

"నేను కాదు సార్, నా బిడ్డ! ఆగున్రి, ఎటు పోవద్దు!"

సౌభాగ్య కొంగు నడుముకు చెక్కుకుని జనంలో పడి పరుగెత్తింది. తల్లి అలా వస్తుంటే చూసి శ్రీవిద్య చేతిలో పుస్తకం జారిపోయింది.

"ఏమైందమ్మా? నాయినకేమన్న..."

"ఏం గాలేదే! దొరికిన్రు! ఇద్దరు! రా, మల్ల పోతరు!"

ఆ పట్టా దగ్గర ముగ్గురూ ఏం మాట్లాడుకున్నారో సౌభాగ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. ఎన్ని చుట్లని ఒకరు, చుట్లు కాదండీ గుండు సైజు చెప్పమని మరొకరు. శ్రీవిద్య రెండు చేతులూ గాల్లో ఊపుతూ, నవ్వుతూ, మాట తడబడుతూ జవాబులు చెబుతోంది. నెల రోజులుగా ఆ గొంతు ఎక్కడ దాక్కుందో!

అక్కడినుంచి నేరుగా నాంపల్లికి వచ్చేశారు. శ్రీవిద్య దుప్పటి లాగేసింది. ఇంద్రసేన స్విచ్ జోలికి పోకుండా వైరు వెంబడే వంగి నడిచాడు. అది గోడపక్క నల్లాకు కట్టి ఉంది.

"ఎర్తు నల్లాకు కట్టినవా, బిడ్డా? ఇంట్లోళ్లు నీళ్లు పట్టుకుంటరు గదనే! వద్దు. ఇయ్యాల వద్దు. ఇంటి బయట భూమిల రాడ్ దింపాలె, వేరే తీగ గుంజాలె. అప్పటిదాక నేను వెయ్యను, నిన్ను వెయ్యనియ్య."

శ్రీవిద్య మొహం చిన్నబోయింది. సౌభాగ్యకు మాత్రం తన భయానికి ఒక చుట్టం దొరికినట్టయింది. ఇన్నాళ్లూ తనది వట్టి పిరికితనమని అందరూ నవ్వారు. ఇదిగో, పనొచ్చినవాడు కూడా భయపడుతున్నాడు! "కూర్చో అన్నా, చాయ్ పెడ్త," అంది. పాలల్లో చక్కెర రెండుసార్లు వేసింది.

దసరా ముందు ఆదివారం పెరట్లో రాడ్ దిగింది. పట్టపగలే వెనకగది కిటికీలకు దుప్పట్లు కట్టారు. నేల మీద సుద్దముక్కతో గీత గీసి, అది దాటొద్దన్నారు.

"ఇంకొక్క మనిషి కావాలండీ," అన్నాడు మాస్టారు. "మెయిన్ స్విచ్ దగ్గర. మెరుపుకేసి చూడకూడదు. మమ్మల్నే చూస్తూ ఉండాలి. ఏ కాస్త తేడా అనిపించినా అడక్కుండా ఆర్పేయాలి. ధైర్యవంతులు పనికిరారు."

శ్రీవిద్య తల్లివైపు చూసింది. "మా అమ్మను మించినోళ్లు హైదరాబాదుల లేరు సార్."

మొదటిసారి కాయిల్ బుస్సుమనగానే సౌభాగ్య టక్కున ఆర్పేసింది. "అమ్మా!" అని శ్రీవిద్య కాళ్లు నేలకేసి కొట్టింది. "శభాష్! స్విచ్ పనిచేస్తోంది," అన్నాడు మాస్టారు.

రెండోసారి పళ్లు బిగబట్టుకుంది. బుస్సుమంది, చిటచిటమంది, ఒక్కసారిగా గది ఊదారంగైపోయింది. ఆమె మెరుపును చూడలేదు, చూడకూడదన్నారు కదా. దాని వెలుగులో బిడ్డ మొహం చూసింది. నోరు తెరుచుకుని, అటొకరూ ఇటొకరూ నిలబడ్డ ఆ ఇద్దరిని మార్చి మార్చి చూస్తూ, "చూసిన్రా? మీరు చూసిన్రా?" అంటోంది. మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొడుతున్నాడు.

సౌభాగ్య ఆర్పేసింది. మసక చీకట్లో ముగ్గురూ ఒక్కసారే మాట్లాడారు.

"మూరెడుందమ్మా!"

"మూరెక్కడిది, మూరన్నర!"

"నిశ్శబ్దం!" అని గదిమింది సౌభాగ్య. ఆ గొంతు తనదేనా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. "మూర్తి సార్, మీ కాలు గీత మీదున్నది, ఎనకకు జరుగున్రి. ఇంద్రసేనన్నా, నువ్వు ఇంక జర దూరం. శ్రీవిద్యా, జుట్టు ముడేస్కో. అయిందా? అందరు నన్ను చూడున్రి."

చూశారు. ఆమె స్విచ్ మీద చెయ్యి వేసింది.

"ఆఁ, ఇగ ఏస్తున్న."