అద్దాన్ని వదలని వేలు

మా అక్క మొగుడంత తెలివైనవాణ్ణి ఈ భూమ్మీద ఇంకొకణ్ణి చూపిస్తే, మా కొట్లో ఉన్న అద్దాలన్నీ కరకరా నమిలి మింగేస్తాను. మంచినీళ్లు కూడా అడగను.

ఆయనా నేనూ అద్దాల కొట్లో గాజు పలకలు మోసేవాళ్లం. చెరో కొసా పట్టుకుని, అరచెయ్యి పలక కింద బారుగా చాపి, అడుగులో అడుగేసి నడుస్తాం. చెయ్యి చాపడం, సమయానికి తీసెయ్యడం. ఇంతే పని. అలాంటిది బావ కుడిచేతి ఉంగరపు వేలు లోపలికి వంగిపోయింది. ముందు అరచేతిలో చిన్న గడ్డ లేచింది. తర్వాత చర్మం కింద తాడులాంటిదేదో బిగిసి వేలిని గుంజేసింది. అరికాల్లో కూడా అలాంటి గడ్డే ఒకటి. ఇంకొకడైతే భయపడతాడు. మా బావ మురిసిపోయాడు.

"దేవుడిచ్చిన కొక్కెంరా ఇది!" అన్నాడు.

ఆ కొక్కెంతో కదిలే బస్సును ఆపాడట. మేడ మీంచి దూకుతున్న దొంగను కాలరుకు తగిలించి గాల్లోనే నిలబెట్టాడట. నేను చూసిందల్లా కూరగాయల సంచీ తగిలించుకోవడం. అదీ జారి, టమాటాలు వీధి చివరిదాకా దొర్లుకుంటూ పోయాయి.

కొట్టు ఓనరు మాత్రం మురిసిపోలేదు. "ఆ చేత్తో నా సరుకు ముట్టుకోకు. వేలు బాగుచేయించుకుని రా. లేదంటే కౌంటర్లో కూర్చో" అన్నాడు.

కౌంటర్లో కదలకుండా కూర్చునేవాళ్లను బావ ఇన్నాళ్లూ 'దుమ్ము బొమ్మలు' అని పిలుస్తూ వచ్చాడు. వాళ్ల పక్కన స్టూలేసుకుని కూర్చోవడం కంటే ఆయనకి చావు నయం. అందుకే అక్క చెయ్యి పట్టుకుని లాక్కెళితే డాక్టరమ్మ దగ్గరికి వచ్చాడు. తోడుగా నేనూ వెళ్లాను. తమాషా ఎవడు వదులుకుంటాడు?

డాక్టరమ్మ ఆ తాడును తడిమి చూసి ఓపిగ్గా చెప్పింది. "పనికి అడ్డం రాకపోతే వదిలేయొచ్చండీ. మీకు అడ్డమొస్తోంది కాబట్టి రెండు దారులు. చేతికి మత్తిచ్చి, సూదితో పొడిచి తాడును తెంపొచ్చు. త్వరగా పనిలోకి వెళ్తారు, కానీ మళ్లీ వంగే అవకాశం ఎక్కువ. కోసి గట్టిపడిందంతా తీసేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది. కాకపోతే కుట్లు, చేతికి కసరత్తులు. వారాల తరబడి బరువెత్తకూడదు."

బావ గడ్డం గోక్కుని, "ఇందులో మందం ఏది?" అన్నాడు.

"మందమేంటండీ?"

"పల్చటి పలక ఠక్కున పగులుద్ది. మందంది మన్నుద్ది. సూదంటే ఫొటోకేసే అద్దం. కోతంటే షాపు తలుపుకేసే అద్దం. అవునా కాదా?"

"మీ చెయ్యి కిటికీ కాదండీ."

"మరి కాలో?"

"నొప్పి లేదన్నారుగా. చెప్పులో మెత్తటి అట్ట వేసుకోండి, చాలు. పాదాన్ని ఊరికే కొయ్యం."

బయటికి రాగానే బావ పెదవి విరిచాడు. "ఆ డాక్టరమ్మకి చేతగాదురా. వంగిన చెక్కను మనం ఎలా సాపు చేస్తాం? బరువెట్టేగా!"

కొట్టుకెళ్లి అద్దాలు కోసే బల్ల మీద చెయ్యి పెట్టాడు. నా చేత పలక మీద పలక పేర్పించాడు. చాలక, పైన నన్ను కూడా కూర్చోమన్నాడు. కూర్చున్నాను. అయినవాళ్ల దగ్గర మొహమాటమేంటి? వేలు వాచి వంకాయంతయింది గానీ, వెంట్రుకవాసి కూడా సాపు కాలేదు.

వాపు దిగాక, ఓనరు లేని పూట చూసి, దర్జీ షాపుకి నిలువెత్తు అద్దం మోయడానికి నాతో బయల్దేరాడు. వద్దంటే వింటాడా! పక్క అంచుకి వెనకనుంచి కొక్కెం తగిలించి, దొరలా నడిచాడు. తీరా గోడకి ఆనించేటప్పుడు నా చేతులు సాఫీగా బయటికొచ్చాయి. ఆయన వేలు అద్దానికీ గోడకీ మధ్య ఇరుక్కుంది. పట్టుకోవడం తెలిసిన వేలికి వదలడం తెలీదు మరి. లాగితే తోలూడుతుంది. ముందుకు వంచుదామంటే, మూడో మనిషి పట్టుకోకపోతే అద్దం మా నెత్తినే పడుతుంది. దర్జీ అప్పటికే బల్ల కింద దూరాడు.

నేను అద్దాన్ని భుజంతో అదిమిపట్టి అక్కకి ఫోన్ చేశాను. వచ్చింది. తాపీగా చెంగు దోపుకుంది.

"ఏమయ్యా, అందం చూసుకుంటున్నావా?"

"ముందు పట్టుకోవే!"

"ముందు చెప్పు. సూదా, కోతా?"

"ఇప్పుడా ఆ పంచాయితీ?"

"ఇప్పుడైతేనేగా నువ్వు పారిపోలేంది."

బావ కళ్ల ముందున్న అద్దంలో ఆయన మొహమే. చెమటలు కారుతున్నాయి. దర్జీకి వినపడకుండా గొంతు తగ్గించాడు. "కోస్తే వారాల తరబడి ఆ దుమ్ము బొమ్మల పక్కన కూర్చోవాలే. నావల్ల కాదు."

"సూదైతే మళ్లీ వంగొచ్చందిగా?"

"వంగితే మళ్లీ పొడిపించుకుంటా! పట్టుకోవే తల్లీ!"

అప్పుడు అక్క అద్దం పట్టుకుంది, వేలు బయటపడింది. ఇంత ముక్క చెప్పడానికి ఈ మహానుభావుడికి గోడా, అద్దమూ, పెళ్లామూ మూడూ కావాల్సి వచ్చాయి.

ఆసుపత్రిలో సూది వెయ్యకముందే ఆయన అరిచిన అరుపుకి వీధిలో కుక్కలు ఊరొదిలిపోయాయి. వేలు మాత్రం బాగానే సాపైంది. కొసలో కాస్త వంపు మిగిలింది. అది ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఓనరు చిన్న పలకలతో మళ్లీ మోతలో పెట్టాడు.

ఇక చూడండి! చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ల చేతులు పట్టుకుని, "నీకు సూది చాలు, నీకు కొయ్యాల్సిందే" అని తీర్పులు చెబుతున్నాడు. మొన్న మోకాలి నొప్పితో వచ్చిన ముసలాయన్ని కూడా వదల్లేదు.

అక్క ఆయన రెక్క పట్టుకుని లేపింది. "పదవయ్యా. పాపం, లోపలావిడ కష్టపడి చదువుకుంది."