లిస్టులో లేని బోరు

గని లాబ్‌లో నీళ్లు పరీక్షించే ఉద్యోగం ఆమెది. భుజాన సంచీ, అందులో గలగలలాడే ప్లాస్టిక్ సీసాలు. అందుకే జనం ఆమెను సీసాలమ్మ అనేవాళ్లు. మూడు నెలలకోసారి పదకొండు బోర్ల నీళ్లు పట్టి, నీళ్లు మారకుండా ఒక్కో సీసాలో నాలుగు చుక్కల ఆసిడ్ వేసి, లాబ్‌కు తెచ్చి పరీక్షించి రిజిస్టరులో రాసేది. యురేనియం తీశాక మిగిలిన బురదను గనివాళ్లు ఒక చెరువులో నింపుతారు. పదకొండు బోర్లూ ఆ చెరువుకు ఎగువనే ఉన్నాయి. నీళ్లు పల్లానికి పోతాయని తెలిసినవాళ్లే ఆ లిస్టు తయారుచేశారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆరేళ్లుగా తెలిసే నోరు మూసుకుంది.

పల్లంలో ఆమె అక్క ఉండేది. అమ్మ పోయాక జడలు వేసి, బడికి పంపి, పెద్దచేసింది ఆ అక్కే. అక్క ఆరు ఆవుల పాలు అమ్మేది. బావ గనిలో టిప్పర్ నడిపేవాడు. ఒక ఆదివారం సీసాలమ్మ వెళ్లేసరికి బావ మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పాదాలు బూరెల్లా పొంగాయి. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడలేదు.

"చూశావా మరదలా, ఈ వయసులో ఒళ్లు చేస్తున్నాను. అంతా మీ అక్క చేతివంట మహిమ" అన్నాడు.

అక్క నవ్వలేదు. "నీళ్లు కాచి మరీ ఇస్తున్నానే. అయినా వాపు దిగట్లేదు."

యురేనియం కాచినంత మాత్రాన పోయేది కాదని సీసాలమ్మ అప్పుడు చెప్పలేకపోయింది. పెరట్లో మోటారు వేసి, పది నిమిషాలు నీళ్లు వదిలేసి, ఒక సీసా పట్టుకుంది.

లీటరు నీళ్లలో యురేనియం ముప్పై మైక్రోగ్రాములు దాటకూడదు. యంత్రం రెండు వందల పన్నెండు చూపించింది. మళ్లీ పెట్టింది, మళ్లీ అంతే. కాగితం తీసుకుని లాబ్ పెద్దాయన గదికి వెళ్లింది.

"ఈ బోరు మన లిస్టులో లేదు కదమ్మా?"

"లేదు కాబట్టే పట్టాను సార్."

"లిస్టులో లేని బోరుకు రీడింగూ ఉండదు. వెళ్లి టీ తాగిరా."

ఆమె టీకి వెళ్లలేదు. ఆ కాగితం పట్టుకుని ఆరోగ్యశాఖ ఆఫీసుకు వెళ్లింది.

వాళ్లు మర్నాడే వచ్చి అక్క బోరుకు సీలు వేశారు. ఆ ఒక్కదానికే. పక్కిళ్లవీ చూడండని సీసాలమ్మ బతిమాలితే, పక్కిళ్లవాళ్లు గేట్లు వేసుకున్నారు. "మా నీళ్లకేం రోగం? ఉంటే ఆ ఇంట్లోనే ఉంది" అన్నారు. అందరి గొట్టాలూ దిగింది ఒకే నీటిలోకి. కానీ సీలు ఒక్క ఇంటికే పడింది.

వారం తిరిగేసరికి అక్క పాలు కొనే గడప లేకుండా పోయింది. పితకకపోతే పొదుగులు వాస్తాయి. అందుకని రెండు పూటలా పితికేది, రెండు పూటలా మురిక్కాలవలో పారబోసేది. 'ఒంట్లో బాగాలేదటగా, విశ్రాంతి తీసుకో' అని గనివాళ్లు బావను ఇంటికి పంపేశారు.

"నిన్నెవరడిగారే?" అంది అక్క, ఖాళీ బిందె చేతిలో పట్టుకునే.

"బావ కిడ్నీలు పాడవుతున్నాయక్కా."

"ముందు మా బతుకు పాడైంది. కిడ్నీలదాకా ఎందుకు? ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు."

నెలయ్యాక గని తరఫున ఒకతను టైపు చేసిన కాగితంతో అక్క ఇంటికి వచ్చాడు. అందులో ఏముందో సీసాలమ్మకు తన రిపోర్టు మీద పెట్టిన విచారణలో తెలిసింది. పొడుగు బల్లకు అవతల ముగ్గురు అధికారులు. ఇవతల కుర్చీలో అక్క, ఇస్త్రీ చీరలో, తల వంచుకుని.

"మీ చెల్లెలు మీ మీద కక్షతో సీసాలో ఏదో కలిపిందని రాశారు. నిజమేనా అమ్మా?"

"నిజమేనండీ."

"కక్ష దేనికి?"

అక్క గోళ్లు చూసుకుంది. "చిన్నప్పట్నుంచీ అంతేనండీ. నేను కడుపు నిండా తింటే ఓర్వలేదు."

తన కంచంలోది తీసి చెల్లెలికి పెట్టిన మనిషి ఆ మాట అంది. అక్క సంతకం చేసింది. ఆ సాయంత్రమే సీసాలమ్మ ఉద్యోగం పోయింది. బోరు సీలు ఊడదీశారు. బావ మళ్లీ టిప్పర్ ఎక్కాడు. పాలు కొనేవాళ్లు మళ్లీ వచ్చారు, ఏమీ జరగనట్టే.

తొమ్మిది నెలలకు అక్క ఫోన్ చేసింది. బావకు వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేస్తున్నారట.

"నీళ్ల రిపోర్టు ఏదైనా ఉందా అని డాక్టరు అడుగుతున్నాడే. నీ దగ్గరుందా?"

"ఉంది. చెల్లదని ముద్ర కొట్టారు. నువ్వు చేసిన సంతకం చూసే."

ఆ మాట అనడంలో ఎంత సుఖముందో ఆమెకే తెలిసింది. అక్క ఏడుస్తుంటే ఫోన్ పెట్టేయకుండా, చివరిదాకా విన్నది.

రెండు రోజులకు ఉండబట్టలేక ఆసుపత్రికి వెళ్లింది. అక్క ఆమెను చూసి, పలకరించకుండానే లేచి, మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్లిపోయింది. బావ సగానికి సగం అయిపోయాడు. పెదవులు బీటలు వారాయి. రోజుకు అర లీటరుకు మించి నీళ్లివ్వొద్దని మంచం తలాపున రాసిపెట్టారు; ఆ రోజు లెక్క అప్పటికే నిండిపోయింది.

"మరదలా, మీ అక్క వచ్చేలోపు రెండు గుక్కలు పొయ్యవే. నాలుక పిడచకట్టుకుపోతోంది."

"ఈరోజువి అయిపోయాయి బావా."

"ఒక్క గుక్క. నీకు పుణ్యముంటుంది."

ఆమె నీళ్ల చెంబు తీసి, అతని చెయ్యి అందనంత దూరంలో కిటికీ మీద పెట్టింది. అతను కళ్లు మూసుకున్నాక కూడా పెదవులు కదుపుతూనే ఉన్నాడు.