మూగగంట సత్రంలో ఐదో శవం

'మూగగంట సత్రం' పేరు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ సినిమా పెద్దగా ఎవరికీ గుర్తులేదు. మింగ్ రాజుల కాలం, కొండ మీద సత్రం, వానకు అక్కడ చిక్కుకుపోయిన బాటసారులు. ఒక్కొక్కరే హత్యకు గురవుతుంటారు. కత్తి తిప్పడం తెలిసిన న్యాయాధికారి ఒకడు హంతకుణ్ణి పట్టుకోవాలి. అందులో ఐదో శవం మా తమ్ముడు ఖామ్-చో.

నేను కథానాయికకు బదులు ఫైట్లు చేసేదాన్ని. అమ్మానాన్నలు పోయాక మా ఇద్దరినీ ఒక చైనా ఆపెరా నాటక బృందం చేరదీసింది. పల్టీలు కొడుతూ అక్కడే పెరిగాం. ఎత్తు నుంచి పడటంలో హాంగ్‌కాంగ్ మొత్తంలో మా వాడికి సాటి లేదనేవారు.

ఆ రోజు వాడు సత్రం పై అంతస్తు కిటికీలోంచి వెనక్కి పడాలి. పడుతూ పడుతూ హంతకుడి ముసుగు లాగాలి. హంతకుడెవరో ప్రేక్షకులకు తెలిసేది ఆ ఒక్క క్షణంలోనే. కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, వాటి మీద పరుపులు వేశారు. మొదటిసారి చక్కగా పడ్డాడు. కానీ ఖోకు నచ్చలేదు. దర్శకుడూ నిర్మాతా అతనే.

"పెట్టెలు కనిపిస్తున్నాయి. మింగ్ కాలంలో సబ్బుల పెట్టెలేంటయ్యా? తీసి పారెయ్యండి. పరుపులు చాలు."

"చాలవు," అన్నాడు మా ఫైట్ మాస్టర్ ఫాన్. "కెమెరానే కాస్త పైకెత్తండి."

"నేల కనిపించకపోతే చూసేవాడికి భయమేముంటుంది? మీ వాడికి దడగా ఉంటే చెప్పు. గేటు బయట బోలెడుమంది కాచుక్కూచున్నారు."

ఆ మాటతో ఖామ్-చోకు పౌరుషం పొడుచుకొచ్చింది. "పోనివ్వండి మాస్టారూ, నేను చేస్తా," అన్నాడు. మెట్లెక్కుతూ నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వట్లా చూడకు. నవ్వొస్తుంది."

వాడి తల పరుపు అంచు దాటి నేలకు కొట్టుకుంది. నేను పరుగెత్తుకెళ్ళి తల ఒళ్ళో పెట్టుకున్నాను. వాడి కళ్ళకు నా ముఖం ఆనలేదు. ఆస్పత్రి బండి వచ్చేసరికే అంతా అయిపోయింది.

తాగి వచ్చి పడ్డాడని ఖో పత్రికలవాళ్ళకు చెప్పాడు. ఆ పొద్దున వాడు నా ఎదురుగా కూర్చుని, బియ్యపు జావలో ఉప్పుగుడ్డు నంజుకుని వచ్చాడు. చుక్క కూడా ముట్టనివాడు. పోలీసులు ప్రమాదమని తేల్చేశారు. పెట్టెల సంగతి ఫాన్ మాస్టారు చెప్పబోతే, "అడిగినప్పుడు చెప్పు," అన్నారట. తర్వాత ఎవరూ అడగలేదు.

అంత్యక్రియలకు ఖో వచ్చాడు. అగరొత్తులు పట్టుకుని ముమ్మారు వంగాడు. "ఆ షాట్ వాడను. మొదట తీసింది పెడతాను. మీ తమ్ముడి ఫోటో మీద ఒట్టు," అని అందరి ముందూ అన్నాడు.

సినిమా విడుదలైన రోజు మాంగ్‌కాక్ బజార్లో పోస్టర్ చూశాను. వాడు తలకిందులుగా పడుతున్న బొమ్మ. దాని కింద ఎర్రటి అక్షరాలు: నటన కాదు, నిజం.

ఫాన్ మాస్టారినీ మా ఫైటర్లనూ వెంటబెట్టుకుని మధ్యాహ్నం ఆటకు వెళ్ళాను. హాలు నిండా జనం. చెరకు నములుతున్నారు, పుచ్చగింజలు ఒలుచుకుంటున్నారు. ఆ ఘట్టం వచ్చింది. అడుగున మట్టినేల స్పష్టంగా కనిపిస్తోంది. రెండోసారి తీసిందే. పైగా దాన్ని మెల్లగా, మళ్ళీ మళ్ళీ చూపించాడు. జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు.

నేను తెర ముందు అరుగెక్కాను. బొమ్మ నా ఒంటి మీద పడుతోంది.

"ఏయ్ అమ్మాయ్, పక్కకు జరుగు. నీ ముఖం చూడ్డానికి రాలేదు మేం," అని ఒకడు అరిచాడు.

"ఇప్పుడు పడ్డవాడు మా తమ్ముడు. మళ్ళీ లేవలేదు. మీరు చప్పట్లు కొట్టింది వాడి చావుకి."

"పబ్లిసిటీ కోసంలే, కూర్చో," అన్నాడింకొకడు.

ఫాన్ మాస్టారు లేచాడు. "ఆ పిల్లాణ్ణి నా చేతులతో పాడె ఎక్కించాను. కింద పెట్టెలు తీయించింది ఖో."

ముందు వరసలో చెరకుగడ పట్టుకున్న లావుపాటి మనిషి దాన్ని కింద పడేసి కుర్చీ చేతిని గుద్దడం మొదలుపెట్టాడు. "ఆపండ్రా బొమ్మ." హాలంతా అందుకుంది. ఎవడో కోపంతో కత్తి తీసి కుర్చీ సీటు చీరుతున్న చప్పుడు. మేనేజర్ పరుగున వచ్చి ఆట ఆపించాడు. నేను పైన మెషిన్ గదిలోకి వెళ్ళి, ఆపరేటర్ ఆ ఫిల్మ్ ముక్క కత్తిరించి నా చేతికిచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

వార్త పాకిపోయింది. మిగతా హాళ్ళవాళ్ళు కుర్చీలు పోతాయన్న భయంతో తామే కత్తిరించుకున్నారు. ముసుగు తొలగే ఘట్టం లేకపోయేసరికి హంతకుడెవరో జనానికి అంతుబట్టలేదు. చివర్లో న్యాయాధికారి ఎవణ్ణో నరికేస్తే, వీణ్ణెందుకు చంపాడని నవ్వారట. వారం తిరక్కుండానే సినిమా ఎత్తేశారు.

ఖో మా ఇంటికే వచ్చాడు. "నా సినిమాని చంపేశావు."

"సినిమానే కదా," అన్నాను. "ఇంకొకటి తీసుకో."

తీశాడు. మళ్ళీ మళ్ళీ తీశాడు. ఏ శిక్షా పడలేదు. కాకపోతే మా ఫైటర్లెవరూ అతని సినిమాలో ఎత్తు నుంచి దూకలేదు. గడ్డిబొమ్మలు పడేసుకునేవాడు.

పోయినవాళ్ళ సమాధులకు పూజ చేసే చింగ్‌మింగ్ పండగకు తమ్ముడి సమాధి దగ్గర ఆ ఫిల్మ్ ముక్కకు నిప్పంటించాను. సరిగ్గా కాలలేదు, ముద్దలా కరిగి కంపుకొట్టింది. దాంతో నా కోపమూ చల్లారుతుందని ఫాన్ మాస్టారు అన్నాడు. చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోనూ లేదు.