మూడు లక్షల్లో మూడున్నర లక్షలు

నేను ఒక పలకను. మార్కాపురం దగ్గర రాతి గనిలోంచి తవ్వి, అరగదీసి, నన్ను చెక్క చట్రంలో బిగించారు. నా మీద రాసిన తప్పులు తడిగుడ్డతో మాయం కావడం చూసీ చూసీ, మనుషుల మాట తొందరగా నమ్మని గుణం నాకు అబ్బింది. మొదట ఒక బడిపిల్ల చేతిలో ఉన్నాను. ఆ పిల్ల కాలేజీకి వెళ్లాక, వాళ్లమ్మ కాశింబి నన్ను అటక మీద నుంచి దించింది.

నలభై ఏళ్ల కాశింబి జాకెట్లు కుడుతూ, ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టింది. భర్త గని ప్రమాదంలో పోయినప్పుడు వచ్చిన మూడు లక్షలను ఆయన అన్న దస్తగిరి చేతిలో పెట్టింది. కొంత ఆరు శాతం వడ్డీకి బ్యాంకులో, మిగతాది పన్నెండు శాతానికి ఒక సొసైటీలో వేశానన్నాడు. ఏడాది తిరగ్గానే వడ్డీ అంటూ పదిహేను వేలు తెచ్చిచ్చాడు. ఎక్కడెంత వేశాడో ఆమె అడగలేదు. ఇచ్చేటప్పుడు ఆయన ఆమె మొహం చూడకపోవడం నాకు నచ్చలేదు.

ఒక మధ్యాహ్నం పుస్తకంలో అచ్చం అలాంటి లెక్కే వచ్చింది. కాశింబి చేయి ఆగింది. ఈసారి తన సొమ్మునే నా మీద పెట్టింది. బ్యాంకులో వేసింది x అనుకుంది. సొసైటీలో వేసింది 3,00,000 − x.

6x/100 + 12(3,00,000 − x)/100 = 15,000
36,000 − 6x/100 = 15,000
6x/100 = 21,000
x = 3,50,000

మూడు లక్షల్లో మూడున్నర లక్షలు బ్యాంకులో ఎలా వేస్తారు? ముందు తననే అనుమానించుకుంది. తుడిచి మళ్లీ చేసింది. మూడోసారీ అదే వచ్చింది. మొత్తం బ్యాంకులోనే వేసినా పద్దెనిమిది వేలు రావాలి కదా అని అప్పుడు తోచింది.

సాయంత్రం దస్తగిరిని పిలిచి నన్ను చూపించింది.

"ఈ ఎక్స్ ఏందమ్మా?" అన్నాడాయన.

"మీరు నాకు చెప్పకుండా దాచింది, బావా."

ఆయన గడప మీద కూలబడ్డాడు. సొసైటీలో ఏమీ వేయలేదన్నాడు. బ్యాంకులో తన పేరున రెండున్నర లక్షలే ఉన్నాయన్నాడు. మిగతా యాభై వేలు భార్య ఆపరేషన్‌కు అయిపోయాయి. "నిన్ను అడగడానికి మొహం చెల్లలేదు."

"అడిగితే ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఆసుపత్రి కాగితాలు కూడా చూపీండి."

మర్నాడు తెచ్చాడు. ఆమె ఒక్కో బిల్లూ నా మీద కూడింది. నిజమే. కాశింబి కళ్లు తుడుచుకుంది. అయినా యాభై వేలు ఎప్పటికి తీరుస్తాడో కాగితం రాయించుకుంది. ఆయన వెంట బ్యాంకుకు వెళ్లి ఆ సొమ్ము తన పేరున వేయించుకుంది. ఇంటికొచ్చాకే బావకు టీ పెట్టింది.