ఇంట్లో నెట్ ఎవరు తినేస్తున్నారు?

"అమ్మా, పిన్నితో ఆ వీడియో కాల్ ఆపు! ఎవరూ నెట్ ముట్టుకోకండి, నాకు మీటింగ్ ఉంది!"

రోజూ పొద్దున్నే ఆ ఇంట్లో ఇదే కేక. నెట్ నత్తనడక నడుస్తోందంటే ఇంట్లో ఎవరో అతిగా వాడేస్తున్నారన్నదే ఇంటాయన తీర్పు. మనలో చాలామంది ఇళ్లలో వినబడే తీర్పే అది. ఎక్కువ స్పీడు ప్లానుకు మారాడు, ఆపైన ఇంకా పెద్దదానికి మారాడు. తెర మీద చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. హెడ్ నర్సుగా రిటైరైన ఆయన తల్లి వీడియోలో తన చెల్లెలి మొహం చూసి మాట్లాడటమే మానుకుంది.

ఆయన భార్య, మాటలు సరిగా రాని పిల్లలకు ఇంటి నుంచే వీడియోలో పలకడం నేర్పుతుంది. ఆ రోజు తెర మీద నత్తి ఉన్న ఓ పాప. ఒక్కో అక్షరం దగ్గర ఇరుక్కుపోయే ఆ పిల్ల ఊపిరి కూడగట్టుకుని, "టీచర్, నిన్న క్లాసులో నేను..." అంది. అంతే, బొమ్మ బిగుసుకుపోయింది. మళ్లీ కదిలేసరికి పాప కళ్లనిండా నీళ్లు.

"మొ... మొత్తం చెప్పేశాను. మీరేం అనలేదు," అని కెమెరా ఆపేసింది.

టీచరుకు ఏడుపొక్కటే తక్కువ. సరిగ్గా అప్పుడే భర్త అటుగా వచ్చాడు. "పొద్దస్తమానం నువ్వలా వీడియోలు పెడితే నెట్ మాత్రం ఏం చేస్తుంది?"

"అది నా ఉద్యోగం!" అంటూ ఆమె విసురుగా హాల్లోకి నడిచింది. కంపెనీ వాళ్లు బిగించిన పెట్టె నుంచి వైఫై ఇచ్చే రూటరుకు వెళ్లే వైరును ఊడదీసి నేరుగా లాప్‌టాప్‌కు పెట్టింది. కట్టిన ప్లాను స్పీడంతా వస్తోంది! వైరును తిరిగి రూటరుకే తగిలించి, దాని పక్కనే నిలబడి వైఫైలో చూసింది. పదో వంతు కూడా లేదు.

"అది బాగానే ఉందే, లైట్లు వెలుగుతున్నాయిగా!" అన్నాడు భర్త. పెళ్లైన కొత్తలో తాను ముచ్చటపడి కొన్న రూటరు మరి.

"వెలుగుతున్నాయి. కానీ అది అప్పటి స్పీడుకు చేసింది. ఇప్పుడు కంపెనీ ఎంత పంపినా అంతకు మించి ఇవ్వడం దాని వల్ల కాదు. మీరేమో ప్లాను పెంచుకుంటూ పోయారు, మమ్మల్ని ఆపుకుంటూ వచ్చారు."

ఆ సాయంత్రమే ఆమె కొత్త రూటరు తెచ్చి బిగించింది. ముగ్గురూ ఒకేసారి వాడినా ఎవరి బొమ్మా ఆగలేదు.

మర్నాడు పాప మొదట మొహం తిప్పేసుకుంది. "నాకు వినపడలేదమ్మా. తప్పు మా నెట్‌దే, నీది కాదు. మళ్లీ చెప్పవూ?" అని బతిమాలితే, క్లాసులో తానే చెయ్యెత్తి జవాబు చెప్పానని, ఆగుతూ ఆగుతూనే, చివరిదాకా చెప్పింది.

"ఇంత చిన్న విషయమని నాకేం తెలుసమ్మా?" అని తల్లి దగ్గర నసిగాడు ఇంటాయన.

తల్లి ఊరుకోలేదు. "తెలియకపోతే తప్పు లేదురా. సెలైను ఎక్కకపోతే రోగిని తిడతామా? గొట్టం ఎక్కడ మడతపడిందో చూస్తాం. నువ్వు అదొక్కటే చూడలేదు, మా అందరి నోళ్లూ నొక్కావు. ఇంట్లో ఏదైనా సరిగా నడవనప్పుడు ముందు వస్తువుని చూడు, మనుషుల మీద నింద వెయ్యకు."