రూతమ్మ కోళ్లలోని జీవి

ఎల్లారెడ్డిలో రూతమ్మ నాటుకోళ్లంటే వాడకట్టంతా చెప్పుకునేది. కొక్కెర రోగం వచ్చి అందరి కోళ్లూ కూలినా, ఆమె గంప కిందివి మాత్రం బతికేవి. "దేవుని దయ" అనేది ఆమె. బిడ్డ కృపాజ్యోతికి ఆ మాట సరిపోలేదు. కామారెడ్డిలో ఒక కాలేజీ ల్యాబులో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్న ఆమె, ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ కోళ్ల రెట్టలు ట్యూబుల్లో పట్టుకుపోయేది.

"ఛీ, గా పెంటను బస్సుల ఎట్ల తీస్కపోతవే?" అని నవ్వేవాడు తండ్రి యాకూబు.

ఆ రెట్టల్లో, గాలి తగిలితే చచ్చిపోయే ఒక బాక్టీరియా దొరికింది. కోడి పేగుల్లో బతికేది. దాని జన్యువును తెలిసిన జాతులన్నిటితో పోల్చి చూశారు. దేనితోనూ కలవలేదు. గైడు రాజశ్రీ మేడం కంప్యూటర్ తెర వంక చాలాసేపు చూసి, "ఇది కొత్త జాతే. పేరు నువ్వే పెట్టాలె" అంది. ఆ రోజంతా కృపాజ్యోతికి కాళ్లు నేల మీద ఆనలేదు.

అయితే లోకం ఒప్పుకోవాలంటే, ప్రాణమున్న బాక్టీరియాను రెండు దేశాల్లోని, సూక్ష్మజీవులను దాచే భద్రశాలలకు పంపాలి. పంపేలోపే అది పెరగడం మానేసింది. ఫ్రీజర్‌లో దాచినవి బయటికి తీసి, మేత మార్చి, వేడి మార్చి చూసింది. ఒక్కటీ లేవలేదు. ఎందుకు చచ్చిపోయిందో మేడంకూ అంతుపట్టలేదు.

"కోళ్లున్నయి గద, మళ్ల తెచ్చుకో" అంది.

కృపాజ్యోతి ఖాళీ ట్యూబులతో బస్సు దిగేసరికి వాడకట్టు నిండా తెల్ల సూట్లవాళ్లు. దగ్గరి ఫారంలో బర్డ్ ఫ్లూ తేలిందట. చుట్టుపక్కల కోళ్లన్నిటినీ చంపి పూడ్చేస్తున్నారు. రూతమ్మ గంప మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. బిడ్డను చూడగానే ముఖం వెలిగింది.

"వచ్చినవా బిడ్డా! సదువుకున్నదానివి, నువ్వన్న చెప్పు వీళ్లకు. మన కోళ్లకు ఏ రోగం లేదని చెప్పు."

పశువుల డాక్టరు మాస్కు పైనుంచి కృపాజ్యోతి వంక చూశాడు. రోగం బయటపడకుండానే కోళ్లు దాన్ని మోయొచ్చని ఆమెకు తెలుసు. ఇప్పుడు ఒక్క రెట్ట అడగడం కూడా తప్పే. ఆ వైరస్ ఉన్నదాన్ని ముట్టుకునే ల్యాబు కాదు వాళ్లది.

"అవ్వా, చేతులు తియ్యి."

"ఏందే?"

"ఇచ్చెయ్యాలె అవ్వా. తప్పదు."

రూతమ్మ తీయలేదు. యాకూబే వచ్చి భుజాలు పట్టి లేపాడు. సంచిలో వేస్తుంటే కోళ్లు గోల పెట్టాయి. కాసేపటికి ఆ గోలా ఆగింది.

పొద్దుగూకినాక రూతమ్మ అంది, "నువ్వు ఒక్క మాట అంటే ఇడిచిపెట్టెటోళ్లు."

"ఇడిచిపెట్టకపోదురు అవ్వా."

"నువ్వు అనలే గద."



కొన్ని నెలలకు, మళ్లీ కోళ్లు పెంచుకోవచ్చని పశువుల డాక్టరు చెప్పినాక యాకూబు పిట్లం అంగడి నుంచి కోడిపిల్లలను తెచ్చాడు. అవి పెరిగాక కృపాజ్యోతి వాటి రెట్టలు చూసింది. మళ్లీ మళ్లీ చూసింది. ఆ బాక్టీరియా లేదు. తన దగ్గర మిగిలిన దాని జన్యువు వివరాలను జన్యు భాండాగారానికి పంపితే ఒక నంబరు ఇచ్చారు గానీ, ప్రాణమున్నది లేనందుకు పేరు పెట్టనివ్వలేదు. మేడం ఆమెకు బ్రాయిలర్ కోళ్ల మీద వేరే పని అప్పగించింది. ఆమె తలూపింది.

రూతమ్మ కొత్త కోళ్లకు పొద్దున్నే గింజలు చల్లుతుంది. కానీ పాతవాటిని పిలిచినట్టు వాటిని నోరారా పిలవదు. చల్లి, లోపలికి పోతుంది.