పాలసొర కోసం గూడూరుకు

కాకినాడలో, విశాఖలో జపాను బాంబులు పడిన వేసవి అది. పాకాలలో రైలుకట్ట మీద పనిచేసే ధనంజయకు ఆ ధ్యాసే లేదు. భార్య పంకజాక్షికి కాన్పయి వారం దాటినా పాలు పడలేదు. గుడ్డవత్తితో పట్టిన మేకపాలను బిడ్డ కక్కేస్తున్నాడు. ఏడ్చే శక్తి కూడా వాడికి పోయింది. బాలింతకు పాలసొర చేప పులుసు పెడితే పాలు దిగుతాయని ధనంజయ తల్లి తాయమ్మ చెప్పింది. సంతలో ఎండు సొర ముక్క కూడా దొరకలేదు. భయంతో సముద్రం మీదికి పడవలే పోవడం లేదట.

ధనంజయ గూడూరు రైలెక్కాడు. అక్కడ స్టేషను బయట, తీరం ఊళ్ళు వదిలి వచ్చేసిన జాలర్లు పిల్లాజెల్లాతో దిగి ఉన్నారు. వాళ్ళలో పోలేరమ్మ అనే నడివయసు ఆమె గంపలో ఎండు సొర కనిపించింది. తలా రెక్కలూ లేని ముక్కలు. పాలసొరేనా అని అడిగితే, ఎవరికని ఆమె అడిగింది. బాలింతకని చెప్పగానే ముక్కలు తీస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఇది పాలసొర కాదబ్బయ్యా. తల సమ్మెట మాదిరి ఉండే పెద్ద సొర. మేం తింటాం గానీ, బాలింతకు పెట్టింది నేనెరగను."

పాలసొర చిన్నదని, ఒడ్డు దగ్గరే వలకు పడుతుందని, దాని కండ మెత్తనని చెప్పింది. పెద్ద సొర కార్జం తిని తమ ఊళ్ళో ఒకాయనకు తోలు ఊడిందట. కండతో ఎవరికీ ఏమీ కాలేదట. అయినా పెట్టమని తన నోటితో చెప్పలేనంది.

వేరే దారి తోచక అదే కొన్నాడు. రైల్లో ఆకుపొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏర్పేడు దాటాక కిటికీలోంచి పారేద్దామనుకుని చెయ్యి లేపి, మళ్ళీ దించాడు. పాలసొరేనని అబద్ధమాడితే ఇంట్లో అందరూ కుదుటపడతారు. కానీ ఇల్లు చేరాక ఉన్నదున్నట్టే చెప్పాడు.

తాయమ్మ పొట్లం ముట్టుకోనంది. మంచం మీది నుంచి పంకజాక్షి అంది:

"వండు అత్తా. కాన్పయినప్పట్నించి కారప్పొడి మెతుకులే గదా తింటా ఉండాను. ఏమన్నా అయితే నాకే గదా."

"నీకైతే బిడ్డకు కాదా?" అన్నాడు ధనంజయ.

"ఇప్పుడు మాత్రం వానికేముండాది?"

తాయమ్మే చివరికి పొట్లం అందుకుంది. చింతపులుసు, వెల్లుల్లి వేసి వండింది. పంకజాక్షి కడుపునిండా తింది. దద్దు లేస్తుందేమో, జ్వరం వస్తుందేమో అని ధనంజయ ఆమె చేతులనే చూస్తూ కూర్చున్నాడు. మర్నాడూ అదే పులుసు పెట్టారు. పాలు రాలేదు. బిడ్డ కళ్ళు తెరవడం తగ్గింది.

ఆ మరుసటి మధ్యాహ్నం, బిడ్డ ఎలా ఉన్నాడోనని ధనంజయ కట్ట మీది నుంచి పరుగున వచ్చాడు. వాకిట్లో తాయమ్మ మాట్లాడొద్దని సైగ చేసింది. లోపల బిడ్డ రొమ్ము పట్టి ఉన్నాడు. ధనంజయ వంగి విన్నాడు. గుటక వినిపించింది. కాస్త ఆగి ఇంకొకటి.

సొర గుణమో, కడుపునిండా తిన్న తిండి గుణమో అతనికి తెలియదు. అలవాటుగా ఆమె చేతులు మళ్ళీ తిప్పి చూశాడు.

"సూసింది సాల్లే, ఇంక పనికి పో" అంది పంకజాక్షి.